మీటరు చూడని వైరు

పరాంకుశం గారిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు వెంటనే దొరకదు. ఆయన విని, తలూపి, ఏదో ఒక పని అప్పజెబుతారు. మోక్షం గురించి అడిగితే నీళ్ళ ట్యాంకు కడగమంటారు. పన్నెండేళ్ళుగా ఆయన వెంట తిరుగుతున్నాను. ఈ అలవాటు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయనకు ఇల్లు లేదు. శిష్యులంతా కలిసి సమకూర్చిన వ్యానే ఇల్లు. అందులోనే పడక, పొయ్యి, ఒక ఫ్యాను, ఈ వేసవిలో కొత్తగా పెట్టిన చిన్న ఫ్రిజ్. పైన సోలారు పలకలు, సీటు కింద లిథియం బ్యాటరీ. ఆ ఫ్రిజ్ చల్లటి మజ్జిగ కోసం పెట్టింది కాదు. గురువుగారు పదిహేనేళ్ళుగా రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటున్నారు, అది ఎండకు పాడవుతుంది.

బండిలో కరెంటు పనంతా గవరయ్యగారిది. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. వైర్ల విషయంలో ఇంకొకరు నోరెత్తడానికి వీల్లేదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఎడమ పేజీలో మూడు పూటలా బ్యాటరీ ఎంత శాతం ఉందో మీటరు చూసి రాస్తారు. కుడి పేజీలో ఆ రోజు తనకు ఎన్నిసార్లు కోపం వచ్చిందో రాస్తారు. కోపం తగ్గించుకోవడానికి ఆ పద్ధతి ఎవరూ చెప్పలేదు, ఆయనే కనిపెట్టుకున్నారు. నోరు పెద్దది చేసి అరిస్తేనే కోపం కింద లెక్క. ఆ నియమమూ ఆయనదే.

మే నెలలో సాలూరు దగ్గర ఒక మామిడితోటలో బండి ఆపుకుని ఉన్నాం. పక్క ఊరి బడి వరండాలో గురువుగారి ప్రవచనాలు. అయిదో రోజు పొద్దున్న గవరయ్యగారు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టారు.

"గురువుగారూ, నలభై మూడు రోజులై కోపం సున్నా అండి. ఇదిగో సూడండి. ఇదివరకు అరిసేవోణ్ణి, ఇప్పుడసలు నోరిప్పను. అయినా మా పైడితల్లి బొబ్బిల్లో అన్నగారింటికి ఎల్పోయింది. ఫోనెత్తదు. నాను మారినట్టా, మారనట్టా? మారినట్టే అయితే దానికో ఉత్తరం ముక్క రాసియ్యండి. మీ మాటంటే దానికి గురి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురమండి, అది నేని ఇంట్లో నానుండలేను."

ఆ ఆఖరి మాట మాత్రం నటన కాదు.

"వెళ్ళేముందు ఏమైనా అందా?" అని గురువుగారు అడిగారు.

"ఏటీ అనలేదండి. ఆ పొద్దున్న కూడా సారు కాసి, మూతెట్టి మరీ ఎల్లింది. ముందు ఒక్క మాట సెప్పుంటే నాను సర్దుకునేవోణ్ణి కాదా?"

గురువుగారు తలూపారు. "ఉత్తరం సంగతి చూద్దాం. బ్యాటరీ ఎంతుందో కాస్త కనిపెట్టుకుని ఉండు. అయిదు రోజులుగా బండి నీడలో ఉంది."

అదీ జవాబు. మధ్యాహ్నం పన్నెండింటికి గవరయ్యగారు మీటరు చూసి, డెబ్భై ఒకటి అని రాసుకుని, ఇంకా నాలుగు రోజులు బెంగ లేదన్నారు. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. తలుపులు వేసుకుని ప్రవచనానికి వెళ్ళాం.

అయిదింటికి వచ్చి తలుపు తీస్తే లోపలి నుంచి సెగ కొట్టింది. ఫ్యాను లేదు, దీపం లేదు, మీటరు ముఖం నల్లగా ఉంది. ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే ఇన్సులిన్ సీసాలు వెచ్చగా తగిలాయి. వేడెక్కిన మందు వాడొద్దని డాక్టరు మరీ మరీ చెప్పి ఉన్నాడు. రాత్రి భోజనానికి ముందు ఆయనకు సూది పడాలి.

"గవరయ్యగారూ, ఈ మధ్య వైర్లేమైనా కదిపారా?" అన్నాను.

ఆయన పుస్తకం నా ముఖం మీదికి చాపారు. "డెబ్భై ఒకటి. కళ్ళున్నాయి కదా, సదువు."

మళ్ళీ అడిగాను. జవాబు లేదు. పుస్తకం మూసి, బండి మెట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చున్నారు. మూడోసారి అడిగాను. మామిడాకు ఒకటి తీసుకుని ఈనె వెంట చీలుస్తూ కూర్చున్నారే గాని, నేనొక మనిషిని అక్కడ ఉన్నట్టే లేదు ఆయనకు. అరిచినా బాగుండేది, తిట్టినా బాగుండేది. నా నెత్తురు ఉడికిపోయింది. తోట యజమాని మోటారు సైకిలు అడిగి తీసుకుని, సాలూరు దాకా వెళ్ళి, ఐసు డబ్బాలో కొత్త మందు పెట్టించుకుని పొద్దు గూకే వేళకు వచ్చాను. నేను వెళ్ళినప్పుడు ఎలా కూర్చున్నారో అలాగే ఉన్నారు. ఈ రెండు గంటల్లో గురువుగారితో కూడా పెదవి విప్పలేదట.

గురువుగారు సూది వేసుకుని, బట్టతో చెయ్యి తుడుచుకుని, "గవరయ్యా, ఇవాళ్టి కుడి పేజీ రాశావా?" అన్నారు.

ఆయన పుస్తకం తీసి రాశారు. సున్నా. నేను పక్కనుంచి చూశాను. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇప్పుడు సీటు తియ్యి."

టార్చి వేసి చూశాం. బ్యాటరీ మైనసు నుంచి ఒకే ఒక లావు వైరు బయల్దేరి ఒక ఇత్తడి దిమ్మకు వెళ్ళాలి. బండిలోని తక్కిన మైనసు వైర్లన్నీ ఆ దిమ్మకు అవతలి వైపే బిగించాలి. దిమ్మ గుండా వచ్చిందీ పోయిందీ మాత్రమే మీటరుకు తెలుస్తుంది. ఫ్యానుదీ దీపాలదీ అలాగే ఉన్నాయి. ఫ్రిజ్‌ది మాత్రం దిమ్మను తాకకుండా తిన్నగా బ్యాటరీ మీదికే వచ్చి ఉంది.

"ఇదెవరు కలిపారు?" అని గురువుగారు అడిగారు.

గవరయ్యగారు చాలాసేపటికి నోరు విప్పారు. "నానే అండి. మీ మందుండే ఫ్రిజ్ కదా, ముఖ్యమైంది కదాని, మధ్యలో ఏ అడ్డూ నేకుండా నేరుగా ఇచ్చాను." పానా అందుకుని వైరు విప్పుతూ గొణిగారు. "అయినా మీటరు ఇంత అబద్ధం ఆడుతుందనుకోనేదు."

"తన గుండా పోయింది అది సరిగ్గానే చెప్పింది," అన్నారు గురువుగారు.

"పాత యాసిడ్ బ్యాటరీ అయితే నాకు తెలిసిపోయేదండి. దీపం మసకబారేది, ఫ్యాను నీరసపడేది. ఇది ఆకరి దాకా ఒక్కలాగే ఇచ్చి, ఒక్కసారి ఆపేసింది. ముందు ఒక్క మాట సెప్పనేదు సూడండి."

వైరు మార్చి దిమ్మ అవతల బిగించారు. ఇంజను బ్యాటరీ వేరే కాబట్టి బండి స్టార్టయింది, ఛార్జి ఎక్కడం మొదలైంది. కొంతసేపటికి ఫ్యాను కదిలింది. గవరయ్యగారు చేతులు కడుక్కుని, పుస్తకం పట్టుకుని వచ్చి, గురువుగారి ఎదురుగా నిలబడ్డారు.

"మరి ఆ ఉత్తరం, గురువుగారూ?"

ఇంత జరిగాక కూడా అదే మాట. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. గురువుగారు పుస్తకం తీసుకుని, కుడి పేజీలోని ఆ సున్నా వైపు కాసేపు చూసి, మూసి, ఆయన చేతికే ఇచ్చేశారు.

"మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఫ్యాను బాగానే తిరిగింది, గవరయ్యా. పైడితల్లి ఆ పొద్దున్న చారు కాచి, మూతపెట్టి వెళ్ళిందన్నావు కదూ."