చుక్క కోసం గుమ్మడి బిస్కెట్లు

అనగనగా బంగారూ, ఎర్రకొండ కింద ఉన్న ఒక ఊళ్ళో కుళ్ళాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఊరంతటికీ ఒకటే రొట్టెల బట్టీ, అది ఆవిడదే. పొద్దున్నే ఆ బట్టీలోంచి వెన్న బిస్కెట్ల వాసన వస్తే, చద్దన్నం తినేవాళ్ళు కూడా ముద్ద పట్టుకుని అలాగే ఆగిపోయేవాళ్ళు.

కుళ్ళాయమ్మకు పెట్టే చెయ్యి. ఎవరొచ్చినా ఏదో ఒకటి చేతిలో పెట్టందే పంపేది కాదు.

అదే ఊళ్ళో ఓబులప్ప అని ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. అతనికి ఎనభై గొర్రెలు, ఒక కుక్క. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్లటి చుక్క. అందుకే దాన్ని చుక్క అని పిలిచేవాడు. చుక్క కాపలా ఉందంటే తోడేళ్ళు ఆ కొండవైపు తొంగి కూడా చూసేవి కావు.

రోజూ పొద్దున మంద బట్టీ ముందు నుంచే కొండకు వెళ్ళేది. అప్పుడు కుళ్ళాయమ్మ గడపలో నిలబడి "రా తల్లీ, రా" అని పిలిచి, విరిగిన వెన్న బిస్కెట్లు చుక్కకు పెట్టేది. మొదట్లో ఒకటి పెట్టింది. ఆ తర్వాత మూడు. ఆ తర్వాత దోసెడు.

మరి చుక్క ఏమయిందో తెలుసా? పిండి బస్తాలా అయింది! గొర్రెలు ముందు పోతుంటే, అది రొప్పుతూ రొప్పుతూ వెనక పడేది.

ఒకరోజు మధ్యాహ్నం ఓబులప్ప బట్టీ దగ్గరికి వచ్చాడు. వెనక చుక్క నాలుక బయటపెట్టుకుని నడుస్తోంది. ఓబులప్ప అరవలేదు. కేకలు వేయలేదు. మెల్లగా అన్నాడు.

"అక్కా, తోడేలొచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. పట్టపగలే. చుక్క చూసింది, లేచింది. పది అడుగులు పరిగెత్తి కూలబడిపోయింది."

"అయ్యో, నా తల్లీ!"

"నువ్వు ప్రేమగానే పెట్టినావులే, కాదనను. కానీ దాని కాళ్ళు నువ్వే విరగ్గొట్టినావక్కా. ఇంక ఇది నీ దగ్గరే ఉండనీ. రెండు నెలల్లో మంద మేత కోసం వలస పోవాల. ఆ లోపల ఇంకో కుక్కను తెచ్చుకుంటా."

అని చుక్క మెడతాడు ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. సందు మలుపు దగ్గర తువ్వాలుతో కళ్ళు తుడుచుకోవడం కుళ్ళాయమ్మ చూసింది. చుక్క అతని వెనకే వెళ్ళాలని లేచింది. నాలుగు అడుగులు వేసి, ఆయాసంతో అక్కడే కూర్చుంది.

ఆ పూట కుళ్ళాయమ్మకు ముద్ద దిగలేదు. తన చేతులవంక చూసుకుని, 'మీరా ఈ పని చేసింది?' అనుకుంది.

మర్నాడు చుక్కను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ఆమె చుక్క బరువు తూచింది, గుండె విన్నది.

"పెద్దమ్మా, వెన్న, చక్కెర, మైదా, ఇవే దీని జబ్బు. ఇట్లాగే పెడుతూ పోతే ఎక్కువ రోజులు బతకదు."

"పెట్టడం తప్ప నాకు ఇంకేమీ చేతకాదు తల్లీ. ఏం చెయ్యను?"

డాక్టరమ్మ నవ్వింది. "అయితే పెట్టు. కూరగాయలతో చేసి పెట్టు. ఉప్పు వద్దు, చక్కెర వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కలకు విషం. బొటనవేలంత ముక్కలు రోజుకు మూడే. మిగతా తిండి కొలిచి పెట్టు. రోజూ నడిపించు."

కుళ్ళాయమ్మ చెంగు బిగించింది.

మొదట సొరకాయ తురిమి రాగిపిండిలో కలిపి రేకు మీద పరిచి బట్టీలో పెట్టింది. సొరకాయేమో నీళ్ళు వదిలింది. బయటికి తీసేసరికి బిస్కెట్టు కాదు, సంకటి! చుక్క వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పేసుకుంది.

ఎదురుగా టీ కొట్టు పుల్లన్న ఉన్నాడు. "అక్కా, కుక్కకు కూర వండుతున్నావంటనే! అరిటాకు కూడా వేస్తావా?" అని నవ్వాడు.

అప్పుడు క్యారెట్ తురిమి, గట్టిగా పిండి, జొన్నపిండిలో కలిపింది. ఈసారి నీళ్ళు మిగలకూడదని మంట బాగా ఎగదోసింది. గులకరాళ్ళు తయారయ్యాయి. చుక్క ఒకదాన్ని మర్యాదగా నోట కరుచుకుని పెరట్లోకి వెళ్ళింది. గొయ్యి తవ్వి, పాతిపెట్టి, మట్టి కప్పి వచ్చింది. పుల్లన్న నవ్విన నవ్వుకు చేతిలో టీ ఒలికి చెయ్యి కాలింది.

కుళ్ళాయమ్మ పిండి బస్తా మీద కూలబడింది. నలభై ఏళ్ళుగా బట్టీ నడుపుతున్నాను, ఒక్క కుక్క చేత తినిపించలేకపోయానే అని ఏడుపొచ్చింది. అప్పుడు చుక్క వచ్చి ఆవిడ ఒళ్ళో తలపెట్టింది. దాని మీద ఎవరికి కోపం వస్తుంది చెప్పు? ఆవిడ లేచి మొహం కడుక్కుంది.

మూడోసారి తియ్యగుమ్మడికాయ తెచ్చింది. ముక్కలు కోసి ఆవిరి మీద ఉడికించింది. మెత్తగా మెదిపి, పల్చటి గుడ్డలో మూటగట్టి, నీరంతా కారేదాకా వేలాడదీసింది. బీన్స్ సన్నగా తరిగి వేసింది. ఒక కోడిగుడ్డు కొట్టింది. రాగిపిండి, జొన్నపిండి పట్టినంత పోసి, బొట్టు నీరు కూడా తగలకుండా కలిపింది. ఆ తర్వాత రొట్టెలన్నీ దించి, నిప్పులు బయటికి లాగేసింది. ఆరిపోతున్న బట్టీలో ఆ సన్నటి వేడికే బిస్కెట్లను వదిలేసింది.

సాయంత్రం తలుపు తీసిందా, ఎంత కమ్మటి వాసనో! మూల పడుకున్న చుక్క చెవులు లేచాయి. ఆ తర్వాత ముక్కు లేచింది. ఆ తర్వాత కుక్కే లేచింది! కరకరకర నమిలి మూడూ తినేసింది. తోక నేల మీద కొట్టుకుంటూ నాలుగోది అడిగింది.

ఆ చూపు చూస్తే ఎవరికైనా చెయ్యి ఆగదు. కుళ్ళాయమ్మ చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. బిస్కెట్టు వేళ్ళకు తగిలింది కూడా. అప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి వెనక్కి తీసి, డబ్బాకు మూత పెట్టేసింది. కొండంత రొట్టెల పని చేసినప్పుడు కూడా ఆవిడకు అంత చెమట పట్టలేదు.

మర్నాటి నుంచి ఇద్దరూ కొండెక్కడం మొదలుపెట్టారు. మొదట్లో పుట్టదాకా వెళ్ళి తిరిగొచ్చారు. ఆ తర్వాత చదునుబండ దాకా వెళ్ళారు. మొదటి నెల కుళ్ళాయమ్మ తాడు పట్టుకుని చుక్కను లాగింది. రెండో నెల చుక్కే ఆవిడను లాగింది! రెండు నెలలు నిండకముందే ఇద్దరూ కొండ నెత్తికి చేరారు. అక్కడ నిలబడి కుళ్ళాయమ్మ చుక్క వీపు నిమిరింది. బస్తా కరిగిపోయింది. చర్మం కింద కండలు గట్టిగా తగిలాయి.

వలస పోయే రోజు వచ్చింది. కాపరులందరూ మందలు తోలుకుని కొండదారి పట్టారు. ఓబులప్ప ముందు నడుస్తున్నాడు. పక్కన కొత్త కుక్క, పాపం ఇంకా కుర్రది. కుళ్ళాయమ్మ చుక్కను తీసుకుని కొండ మీద నిలబడింది. ఒక్కసారి ఓబులప్ప దీన్ని చూస్తే చాలు అనుకుంది.

అప్పుడు కనిపించింది బంగారూ, కలివిపొద వెనక బూడిదరంగు తోడేలు! మంద చివర కుంటుతూ నడుస్తున్న గొర్రెపిల్ల మీదే దాని చూపు. ఓబులప్పకు తెలియదు. కుళ్ళాయమ్మ అరిచింది. గాలికి ఆ అరుపు కిందికి చేరలేదు.

చుక్క ఆవిడ మొహంలోకి చూసింది. కుళ్ళాయమ్మ దాని మెడలో తాడు విప్పేసింది.

"పో తల్లీ! పో!"

చుక్క ఉరికింది. బండను దూకింది. వాగును దాటింది. గొర్రెపిల్లకూ తోడేలుకూ మధ్యకి వెళ్ళి కాళ్ళు పాతుకుని నిలబడింది. తోడేలు పళ్ళు చూపించింది. చుక్క తన పళ్ళు చూపించింది. తోడేలు ఒక అడుగు ముందుకు వేసింది. చుక్క గుర్రుమంటూ రెండు అడుగులు వేసింది. అంతే! తోడేలు తోక ముడిచి పరుగో పరుగు. చుక్క దాన్ని అవతలి గుట్ట దాటించి, గర్వంగా తల ఎత్తుకుని తిరిగొచ్చింది. కాస్త కూడా రొప్పడం లేదు!

ఓబులప్ప కర్ర పారేసి పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని చుక్కను కావలించుకున్నాడు. కుళ్ళాయమ్మ పడుతూ లేస్తూ కిందికి దిగింది.

"అక్కా, ఇది నా చుక్కేనా?"

"నీ చుక్కే నాయనా. తీసుకుపో." తాడు అతనికి అందించింది. "దానికి గొర్రెలంటే ప్రాణం. నా గడపలో ఎన్నాళ్ళని కూర్చోబెట్టుకుంటా?"

నడుముకు కట్టుకున్న సంచి విప్పి అతని చేతిలో పెట్టింది. "గుమ్మడి బిస్కెట్లు. రోజుకు మూడే. ఇంకోటి అడుగుతుంది, పెట్టొద్దు."

"నువ్వు పెట్టలేదా?"

"పెట్టలేదు!" అంది కుళ్ళాయమ్మ, గొప్పగా.

ఆ మాట విని కాపరులందరూ చుట్టూ మూగారు. "మా కుక్కలకూ చేసియ్యి అక్కా" అన్నారొకరు. "వలస నుంచి రాగానే మా కుక్క నల్లోడిని నీ దగ్గరే వదుల్తా" అన్నారింకొకరు. అందరిలోకీ పెద్దాయన తన భుజం మీది కొత్త గొంగడి తీసి, కుళ్ళాయమ్మ భుజాల మీద కప్పాడు. గొర్రెల కాపరులు గొంగడి కప్పారంటే చిన్న మర్యాద కాదు తెలుసా.

అప్పుడు ఎవరో డప్పు కొట్టారు. నలుగురు కుర్రాళ్ళు కుళ్ళాయమ్మను భుజాలకెత్తుకున్నారు. "దించండ్రా, పడతాను!" అని ఆవిడ నవ్వుతూ అరుస్తూనే ఉంది. కొండంతా ఆ నవ్వు మోగింది. కుక్కలన్నీ తోకలెత్తి మొరిగాయి. వాటన్నిటి ముందూ మన చుక్క, నుదుటి మీద తెల్లటి చుక్క మెరుస్తుండగా, ఎనభై గొర్రెలనూ నడిపించుకుంటూ కొండ దాటింది.

కథేమో కంచికి,
మందేమో కొండకి,
చుక్కేమో మందకి,
కునుకేమో కంటికి!