ముప్పై ఏడు పాళ్లు వెండి, మూడు పాళ్లు రాగి

అనగనగా, ఏరు మూడు వంకలు తిరిగే చోట, నీలిగట్టు అని ఒక చిన్న రాజ్యం. అక్కడ మల్లోజు అనే కంసాలి వెండిపని చేసేవాడు. అతని ఇంటికి ఆరేళ్లుగా ఊరి మనిషి అన్నవాడు రాలేదు.

అతడు చేసిన తప్పు నిజం చెప్పడం. మేలిమి వెండి మెత్తన. నగగా నిలవాలంటే నలభై పాళ్లలో ముప్పై ఏడు వెండి, మూడు రాగి ఉండాలి. ఊరి కంసాలులందరూ అలాగే కలిపేవారు. మల్లోజు ఒక్కడే తన అరుగు మీదికి వచ్చినవాళ్లకు ఆ సంగతి పైకి చెప్పేవాడు.

ఆ మాట కోశాధికారి మండనయ్య చెవిన పడింది. కలపడమంటే కాజెయ్యడమేనని అతడు రాజుకు నూరిపోశాడు. వెండిలో రాగి కలపరాదని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. మిగిలిన కంసాలులు చాటుగా కలుపుతూనే ఉన్నారు. ఊరు మాత్రం మల్లోజుకు రాగయ్య అని పేరు పెట్టి వెలివేసింది.

అతడు ఏటి అవతలి సంతలో చిల్లుపడ్డ చెంబులకు మాట్లు వేసి పొట్ట పోసుకునేవాడు. మూడో ఏట భార్య పోతే, పాడె మోయడానికి నలుగురూ అవతలి ఒడ్డు నుంచే వచ్చారు. ఆ తరువాత అతడు మాట్లాడినది కొలిమితోనే. అదీ తక్కువే.

అలా ఉండగా రాజుగారి కూతురు మేఘవతి కొలువులో నాట్యం చేయవలసిన రోజు దగ్గర పడింది. వెండి అందెలు కావలసి వచ్చాయి.

మొదటి జత ఆస్థాన కంసాలి చేశాడు. ఆజ్ఞకు భయపడి అచ్చంగా మేలిమి వెండితోనే చేశాడు. వెన్నెల ముద్దలా ఉన్నాయి. నాలుగడుగులు వెయ్యగానే కొక్కెం సాగి, అందె వంకరపోయి, పాదం మీదికి జారింది.

రెండో జత పొరుగు దేశపు వర్తకుడు తెచ్చాడు. మేలిమి అని ఒట్టు వేశాడు. అందెలు గట్టిగానే నిలిచాయి. మూడో రోజుకు చీలమండ చుట్టూ పచ్చటి చార తేలింది. గీసి చూస్తే లోపల సగం రాగి. అప్పటికే వర్తకుడు పొలిమేర దాటాడు.

దిగులుగా కూర్చున్న మేఘవతికి, గిన్నెలు తోమే ఎంకమ్మ కాళ్లు కనబడ్డాయి. కడియాలు పన్నెండేళ్లుగా నీళ్లలో, బూడిదలో నానుతున్నాయి. వంపు చెదరలేదు. తెల్లగా ఉన్నాయి. ఎవరు చేశారని అడిగితే ఎంకమ్మ కాసేపు నసిగింది.

"రాగయ్య చేశాడమ్మా," అని చివరికి చెప్పింది.

మల్లోజుకు కబురు వెళ్లింది. కొలువు గుమ్మం దగ్గర మండనయ్య అతణ్ణి పక్కకు పిలిచాడు. తను ఇప్పించిన ఆజ్ఞ తప్పని తేలడం అతనికి ఇష్టం లేదు. ఎంత కావాలంటే అంత కలుపుకో, మేలిమి అని మాత్రం చెప్పు, రేపటి నుంచి ఊరంతా నీ అరుగు మీదే ఉంటుంది అన్నాడు.

మల్లోజు ఆగాడు. అరుగు మీద మనుషులు కూర్చున్నట్టు కనబడింది. వాళ్ల మాటలు వినబడ్డాయి. తరువాత లోపలికి నడిచాడు.

"రాగి లేకుండా చెయ్యగలవా?" అని రాజు అడిగాడు.

"చేస్తాను ప్రభూ. నిలవదు." మాట్లాడే అలవాటు తప్పి గొంతు బొంగురుపోయింది. "కలిపితే నిలుస్తుంది. కలిపి, కలపలేదని చెప్పలేను. మూడు పాళ్లు రాగి పడుతుంది. పెట్టెలో పడేస్తే నల్లబడుతుంది కూడా. కుంకుడు రసంతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, రోజూ పెట్టుకుంటే తెల్లగా ఉంటుంది. ఇవన్నీ ఒప్పుకుంటేనే కొలిమి రాజేస్తాను."

"ఆరేళ్లకు కూడా నీకు తెలివి రాలేదు," అన్నాడు మండనయ్య.

"వచ్చిందయ్యా. అప్పుడు అరుగు మీద చెప్పాను. ఇప్పుడు కొలువులో చెబుతున్నాను."

రాజు కూతురి వైపు చూశాడు. ఆమె చెయ్యమంది.

మూడో జత పెట్టుకుని మేఘవతి జాము సేపు ఆడింది. కొక్కెం కదలలేదు. రాజు ఒక మువ్వను కరిగించి పుటం పెట్టించి చూశాడు. రాగి సరిగ్గా మూడు పాళ్లే. ఆజ్ఞ రద్దయింది. మండనయ్య కోశాగారం తాళాలు అప్పగించాడు. మల్లోజు ఇంటికి వెళ్లిపోయాడు.

నెల గడిచింది. ఎవరూ రాలేదు. తప్పు చేసిన ఊరికి సిగ్గు అడ్డం వచ్చింది.

ఒక ఉదయం పక్కింటి సూరమ్మ గుమ్మంలో నిలబడింది. కూతురికి మెట్టెలు కావాలంది. మల్లోజు చాప వెతికి తెచ్చాడు. దాని నిండా దుమ్ము. తొందరలో దులపకుండానే పరిచాడు.

"మూడు పాళ్లు రాగి ఉంటుందమ్మా."

"తెలిసే వచ్చాను మామా," అంది సూరమ్మ తల ఎత్తకుండా. "చెప్పి చేసేవాడివి ఊళ్లో నువ్వొక్కడివేగా."

కొలత ఇచ్చాక కూడా ఆమె వెంటనే లేవలేదు. వాన గురించి, కాబోయే అల్లుడి ఊరి గురించి ఏదో చెబుతూ కూర్చుంది. మల్లోజు వింటూ కూర్చున్నాడు.

తన సరుకులోని లోపాన్ని తానే ముందు చెప్పేవాడి మాటకు ఆలస్యంగానైనా విలువ దక్కుతుంది. ఆ ఆలస్యాన్ని మాత్రం అతడు ఒంటరిగా భరించాలి.