అమ్మ బొమ్మ గీసిన రాకుమారుడు

అనగనగా రత్నగిరి అనే రాజ్యం. దానికి రాజు మణిధరుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పితే గాలి కూడా పక్కకి తప్పుకునేది. రెండోవాడు మాటలతో ఎవరినైనా బుట్టలో వేసేవాడు. మూడోవాడు చారుకేతుడు మాత్రం ఎప్పుడూ బొగ్గుపుల్ల పట్టుకుని బొమ్మలు గీస్తూ కూర్చునేవాడు.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు రాణి మందారవల్లిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన కోటలో దాచాడు. పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అప్పుడు చారుకేతుడు బయల్దేరాడు. సముద్రం ఒడ్డున వలలో చిక్కిన తాబేలుని విడిపిస్తే, అది అతణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"అక్కడ కత్తికీ మాటకీ పని లేదు నాయనా. కళ్ళు తెరుచుకుని ఉండు" అని చెప్పి నీళ్ళలోకి జారుకుంది.

కోటలో మాంత్రికుడు నవ్వుతూ ఒక తలుపు తీశాడు. లోపల వరసగా ఆడవాళ్ళు. అందరిదీ రాణి ముఖమే, అందరిదీ రాణి చీరే. ఎవరికీ తమ పేరైనా గుర్తులేదు. తల్లిని గుర్తుపడితే అందరికీ విడుదలనీ, పొరబడితే అన్నల్లాగే రాయైపోతావనీ చెప్పాడు.

చారుకేతుడు బొగ్గుపుల్ల తీశాడు. ముందు ఒక్కొక్కరి బొమ్మా గీసుకోనిమ్మని అడిగాడు. మాంత్రికుడు సరేనన్నాడు.

కిటికీ ఎదురుగా కూర్చుని గీయసాగాడు. ఎండ నేరుగా కళ్ళలో పడుతోంది. ఒకామె వచ్చి కూర్చుంది, వెళ్ళింది. ఇంకొకామె కూర్చుంది, వెళ్ళింది. మరొకామె కూర్చుంది కానీ కుదురుగా ఉండలేకపోయింది. చివరికి లేచి, ఎందుకో తనకే తెలియనట్టు, అతని కళ్ళకి ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది.

అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కన్నీళ్ళతోనే గీశాడు. కిరీటం లేదు, నగలు లేవు. తలంటుకున్న రోజు జుట్టు విరబోసుకుని, కొడుకు అన్నం తింటుంటే పక్కన కూర్చుని చూసే అమ్మ ముఖం. ఆ బొమ్మ ఆమె చేతిలో పెట్టి, "మా అమ్మవి నువ్వే" అన్నాడు.

ఆమె బొమ్మని చూసింది. కొడుకుని చూసింది.

"ఇంత చిక్కిపోయావేంరా చిట్టీ" అంది.

ఆ మాటతో మాయ విడిపోయింది. మాంత్రికుడు పొగైపోయాడు. అన్నలు రాళ్ళలోంచి లేచారు. ఆడవాళ్ళందరికీ ఎవరి ముఖం వారికి వచ్చింది. వాళ్ళలో సుగంధపురి రాకుమారి మధూళిక ఉంది. తన ముఖం తాను చూసుకుని ఎన్నాళ్ళో అయిందనీ, తననీ గీయమనీ అడిగింది. బొమ్మ పూర్తయ్యేసరికి ఇద్దరికీ విడిపోవాలనిపించలేదు.

రత్నగిరిలో వాళ్ళ పెళ్ళికి ఇంటింటా బూరెలు వండారు. చారుకేతుడు రాజయ్యాడు, పెద్దన్న సేనాపతి, చిన్నన్న మంత్రి. వానలు వేళకి కురిశాయి, గాదెలు నిండాయి. వాళ్ళు చాలాకాలం చల్లగా ఉన్నారు, కథ విన్న మీరూ చల్లగా ఉండండి.