పుక్కిట నీళ్ళు

కూర్మనాథం గారి దగ్గర వీడియో గేములు తయారుచెయ్యడం నేర్చుకున్న వాళ్ళందరికీ ఒక అలవాటు బలవంతాన అబ్బింది. ఎవరు చేసిన ఆటనైనా కొత్త మనిషి మొదటిసారి ఆడేటప్పుడు, చేసినవాడు ఆ మనిషి వెనక పీట వేసుకుని కూర్చోవాలి. కూర్చునే ముందు ఒక గుక్కెడు నీళ్ళు పుక్కిట పట్టాలి. ఆడే మనిషి లేచేదాకా ఆ నీళ్ళు మింగకూడదు, ఉమ్మకూడదు. ఈ పని కోసమే ఆయన గదిలో కిటికీ పక్కన ఒక సొట్టలు పడ్డ స్టీలు గ్లాసు ఉండేది. "ఆడేవాణ్ణి చూస్తుంటే నీకు మాట్లాడాలనిపిస్తుంది. మాట్లాడావా, నీ ఆట ఎలా ఉందో నీకిక తెలియదు" అని చేరిన రోజున ఒక్కసారి చెప్పేవారు. మళ్ళీ ఆ ఊసెత్తేవారు కాదు. కొత్తవాళ్ళు బుగ్గలు పొంగించుకుని కూర్చుంటే పాతవాళ్ళు ఎదురుగా నిలబడి నవ్వించాలని చూసేవారు. తడిసిన చొక్కాలు కిటికీకి ఆరని వారం ఉండేది కాదు.

ఆయన ఇరవై ఏళ్ళు హైదరాబాదులో ఆటల్లో కనిపించే కొండలు, కోటలు, అడవులు గీసి, చాలనుకుని విజయనగరం వచ్చేశారు. ఒక టైలరింగు షాపు మీద మేడగది తీసుకుని, వచ్చినవాళ్ళకు నేర్పుతూ ఉండిపోయారు. శిష్యుల్లో భానోజీ అందరికన్నా పాతవాడు, అందరికన్నా మొండివాడు. మిగిలినవాళ్ళు కత్తియుద్ధాలు, కార్ల పందేలు చేసుకుని తలో దారి పట్టారు. భానోజీ మాత్రం నాలుగేళ్ళుగా ఒకే లోకాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు.

దానికి మోతల నేల అని పేరు పెట్టాడు. అక్కడ విత్తనం మొలవదు, చప్పుడు మొలుస్తుంది. చేతికర్రతో నేలమీద ఎన్ని దెబ్బలు కొడితే, కాసేపటికి ఆ చోట ఒక కాడ లేచి, దాని కొసన కాయ కాసి, గాలి వీచినప్పుడు ఆ కాయ అన్నే దెబ్బలు మోగుతుంది. అక్కడి నదులు పారవు, గోడల్లా నిలబడి ఉంటాయి. లోపల చేపలు కింద నుంచి పైకి ఈదుతుంటాయి. నీడలకు యజమానులుండరు. వాటి పాటికవి మందగా తిరుగుతూ మేస్తుంటాయి. తూర్పున ఒక తలుపుంది. దాని ముందు ఐదు దెబ్బల కాయ పండి మోగితే అది తెరుచుకుంటుంది. దాని వెనక ఇంకా పదకొండు సీమలున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి వింత.

బెంగళూరు కంపెనీ ఒకటి ఆ ఆటను విడుదల చేస్తామంది. భానోజీని పిలిపించి, అతని ఎదుటే ఇరవైమందిని కూర్చోబెట్టి ఆడించి చూసింది. పదిహేడుమంది అరగంటలోపే లేచి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మీ లోకం మరీ వింతగా ఉంది, జనానికి ఎటు పోవాలో తెలియడం లేదు, నేలమీద బాణం గుర్తులు పెట్టండి, మూలన ఒక మ్యాపు పెట్టండి, నిలబడ్డ నదులను పడుకోబెట్టండి, శుక్రవారం సాయంత్రంలోగా ఒప్పుకుంటే సరి, లేకపోతే మా దారి మాది, మీ దారి మీది.

ఆ శుక్రవారం పొద్దున భానోజీ గురువుగారి ముందు కూర్చుని, ఉత్తరం మడతలు విప్పుతూ మళ్ళీ వేస్తూ అడిగాడు. "తప్పు నాదేనాండీ? మనకు తెలిసిన పోలిక ఒక్కటైనా లేని చోటికి మనిషిని తీసుకెళ్తే, వాడు దేన్ని పట్టుకుని నిలబడతాడు? బాణాలు పెట్టేస్తానని రాసెయ్యనా?"

కూర్మనాథం గారు లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి వంగారు.

"సన్యాసిరావూ, షాపులో ఎవరైనా ఖాళీగా కూర్చుని ఉన్నారా?"

"కండక్టరమ్మ ఉన్నాదండి. జాకెట్టు గంటలో ఇస్తానన్నాను. గంట నుంచి నన్ను తిడతన్నాది" అన్నాడు కింద నుంచి టైలరు.

"పైకి పంపు."

పైకి వచ్చిన మనిషి పేరు నూకాలు. యాభైకి దగ్గర పడ్డ గట్టి మనిషి. సాలూరు బస్సులో ఇరవై రెండేళ్ళుగా కండక్టరు. ఆ వేళ ఆఫ్. టీవీ అంత తెరను, దాని ముందు కుర్చీని చూసి, "ఏటి బాబూ, నాకు పరీక్షేటి?" అంది. కూర్మనాథం గారు కంట్రోలర్ చేతికిచ్చి, నడవడానికి ఏది, చూడడానికి ఏది, కర్ర కొట్టడానికి ఏది అని మూడే మూడు మీటలు చూపించారు. తరవాత గ్లాసు నింపి శిష్యుడికి అందించారు. భానోజీ ఒక గుక్క పుక్కిట పట్టి పీట మీద కూర్చున్నాడు. నూకాలు వెనక్కి తిరిగి అతని బుగ్గలు చూసి, "పన్ను నొప్పా?" అంది.

మొదటి పది నిమిషాలు ఆమె నేలను చూస్తూ, ఆకాశాన్ని చూస్తూ, గోడకు గుద్దుకుంటూ గడిపింది. నీడల మంద ఎదురైతే పక్కకు తప్పుకుని, "ఎల్లండమ్మా, ఎల్లండి" అని దారిచ్చింది. తలుపు ముందు నుంచే నడిచింది, చూడలేదు. భానోజీ పీట మీద ముందుకు జరిగాడు.

అప్పుడామెకు కర్ర మీట గుర్తొచ్చింది. రెండు దెబ్బలు కొట్టింది. ఏమీ కదల్లేదు. "రెండు గంటలు కొడితే కదలాల గదా" అని గొణుక్కుంది. బస్సులో రెండు కొడితే బయలుదేరాలి, ఒకటి కొడితే ఆగాలి. ఆమె వేళ్ళకు వేరే లెక్క తెలియదు. తిరిగి వెళ్ళిపోతుంటే వెనక కాడ లేచింది, కాయ కాసింది, గాలికి అది రెండు దెబ్బలు మోగింది. నూకాలు ఆగిపోయింది. వెనక్కి వచ్చి దాని చుట్టూ తిరిగింది. "ఓలమ్మ, నా బెల్లే" అంది, ఎవరితోనూ కాదు.

ఇక ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఒక్కొక్క అడుగుకూ రెండు దెబ్బలు కొట్టుకుంటూ, వరిమడిలో నాటు వేసినట్టు వరుసగా నాటుకుంటూ పోయింది. ఒక వరుస, పక్కన ఇంకో వరుస. నోటితో సాలూరు దాకా ఉన్న స్టాపుల పేర్లు చదువుతోంది, స్టాపుకొక కాడ చొప్పున. వరుసలు సాగి సాగి నిలువు నది దగ్గరికి చేరాయి. అప్పుడు గాలి వచ్చింది. నలభై కాయలు ఒక్కసారి మోగాయి.

నది వంగింది.

చప్పుడు వినబడిన వైపుకు నది కొంచెం ఊగాలని భానోజీ మొదటి ఏడాదిలోనే ఒక నియమం రాసి పెట్టాడు. పక్కనుంచి వెళ్ళేవాడు ఒకటో రెండో కొడితే అందంగా కదులుతుందని. దాని పక్కన ఎవరో పొలం వేస్తారని అతనికి తట్టలేదు. నలభై కాయల మోతకు నది ఊగడం మాని వంగుతూనే ఉంది. దాని కొస ఆమె నెత్తిమీదికి వచ్చింది, పొలమంతటికీ పందిరిలా కమ్ముకుంది. చేపలు ఇప్పుడు నెత్తిమీద అడ్డంగా ఈదుతున్నాయి. నూకాలు మాట్లాడడం మానేసి, కుర్చీలో కొంచెం వంగి, ఆ నీటి కింద నెమ్మదిగా నడుస్తోంది.

భానోజీకి మాత్రం గోడ గడియారం కనిపిస్తోంది. నలభై నిమిషాలైంది. తలుపు తెరుచుకోలేదు. జేబులో ఉత్తరం ఉంది. ఈమె కూడా ఎక్కడికీ చేరకుండానే లేచి వెళ్ళిపోతుందనీ, కంపెనీ వాళ్ళు చెప్పిందే నిజమనీ అతనికి అనిపించింది. నీళ్ళు మింగేశాడు.

"అటు కాదమ్మా. వెనక్కి రండి. తూర్పున తలుపుంది, దాని ముందు ఐదు దెబ్బలు కొట్టండి."

నూకాలు చెప్పిన మాట విన్నది. మాట వినడం ఆమె ఉద్యోగంలో పని. వెనక్కి వచ్చింది, ఐదు కొట్టింది, తలుపు తెరుచుకుంది. అవతల మబ్బులను కాపు కాసే మనుషుల సీమ వచ్చింది. ఆమె నిలబడిపోయి, "ఇప్పుడెటు?" అంది. భానోజీ చెప్పాడు. అక్కడికి వెళ్ళింది. "ఇప్పుడెటు?" అంది. చెప్పాడు. మూడోసారి అడిగాక, కంట్రోలర్ తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. పట్టుమని పది నిమిషాలు కాలేదు.

"అయిపోయిందా బాబూ?"

"లేదమ్మా, ఇంకా పది సీమలున్నాయి."

"ఉంటాయిలే" అని లేచి చెంగు సర్దుకుంది. మెట్ల దాకా వెళ్ళి ఆగింది. "ఇరవై రెండేళ్ళయి జనాన్ని ఎక్కించి దించుతున్నాను బాబూ. స్టాపు రాకుండా ఒక్కర్ని దించలేదు." తరవాత కూర్మనాథం గారి వైపు తిరిగింది. "వచ్చే శుక్రవారం కూడా నాకు ఆఫేనండి. ఈ బాబు ఊళ్ళో లేకపోతే కబురెట్టండి, వస్తాను."

ఆమె దిగిపోయింది. గురువుగారు ఏమైనా అంటారని భానోజీ చూశాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"నది ఇంకా వంగితే ఏమయ్యేది?"

"తెలియదండి."

"చేసింది నువ్వేగా."

"చేశాను గాని," అని భానోజీ తెర వైపు తిరిగాడు.

తెలుసుకుందామని కంట్రోలర్ అందుకుని తలుపు లోంచి వెనక్కి నడిచాడు. వరుసలు ఎండి పడిపోయాయి. నది నిటారుగా నిలబడి ఉంది, ఏమీ ఎరగనట్టు. మళ్ళీ నాటుదామని కర్ర ఎత్తాడు. అతని వేళ్ళు వాటంతటవే ఐదు దెబ్బలు కొట్టాయి, కాళ్ళు వాటంతటవే తూర్పుకు తిరిగాయి. రెండోసారీ అంతే అయింది. నాలుగేళ్ళలో ఆ నేలలో అతను నడిచిన దారి అదొక్కటే. ఇంత పెద్ద లోకంలో దారి తప్పలేని మనిషి తానొక్కడేనని అప్పుడు తెలిసి, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నూకాలు నాటిన ఆ బస్సు బెల్లు ఇంకా చెవిలో మోగుతోంది.

కూర్మనాథం గారు మామూలుగా, కూరగాయల సంగతి అడిగినట్టు అడిగారు. "బెంగళూరులో ఇరవైమంది ఆడారన్నావు. నువ్వెక్కడున్నావు?"

"వాళ్ళ వెనకే ఉన్నానండి."

"పుక్కిట నీళ్ళున్నాయా?"

ఆ ఇరవైమందీ ఒక్కొక్కరే భానోజీ కళ్ళముందు కదిలారు. ఒకాయన నీడల మంద వెంట పడబోతే తాను భుజం తట్టి తలుపు చూపించడం, ఒకమ్మాయి నదిలో చెయ్యి పెట్టబోతే అక్కడేం లేదని చెప్పడం గుర్తొచ్చింది. మిగిలిపోయిన ముగ్గురూ తాను భోజనానికి లేచినప్పుడు ఆడినవాళ్ళే.

"అక్కడ గ్లాసు లేదండి" అన్నాడు.

గురువుగారు నవ్వలేదు. భానోజీ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. బాణాలు పెట్టనని, నదిని పడుకోబెట్టనని, ఇంకొక్కసారి జనాన్ని కూర్చోబెట్టి చూడమని అడిగాడు. అవతలివాళ్ళు విసుక్కున్నారు. అతను అడిగిందే అడిగాడు. లోపలికి వచ్చేసరికి చొక్కా చెమటకు తడిసి ఉంది.

"సోమవారం రమ్మన్నారండి. ఐదుగురినే కూర్చోబెడతారట. వాళ్ళూ లేచిపోతే ఇక అడగొద్దన్నారు."

కూర్మనాథం గారు కిటికీ దగ్గరికి వెళ్ళి, సొట్టల గ్లాసు తీసి, అడుగున మిగిలిన చుక్కలు బయటికి దులిపి, తువ్వాలుతో తుడిచి, శిష్యుడి సంచిలో పెట్టారు.

"నీళ్ళు అక్కడ దొరుకుతాయి" అన్నారు.