సవారమ్మ రేవులు

కృష్ణానది ఒడ్డున ఒక పల్లెలో కుర్మన్న అనే జాలరి ఉండేవాడు. వల విసరడంలో అతనికి సాటి ఎవరూ లేరు గానీ, భార్య సవారమ్మ చెప్పే జాగ్రత్తలన్నీ అతనికి చాదస్తంగానే కనిపించేవి.

ఆ నీటిలో చేపలతోపాటు మొసళ్ళూ ఉండేవి. తెల్లవారగానే ఆలుమగలిద్దరూ పుట్టి అనే గుండ్రటి చిన్న పడవలో బయలుదేరేవారు. సవారమ్మ తెడ్డు వేసేది, కుర్మన్న వల విసిరేవాడు. చెయ్యి కడుక్కోవడానికి అతను నీళ్ళలోకి వంగితే ఆమె ఊరుకునేది కాదు. చేపలు శుభ్రం చేసిన చెత్తను నీళ్ళలో పడెయ్యనిచ్చేది కాదు. గట్టు మీదికి మోసుకెళ్ళి పూడ్చిపెట్టేది. అతనికి అన్నిటికన్నా ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. ఆమె వరసగా రెండు రోజులు పుట్టిని ఒకే చోట ఒడ్డుకు చేర్చేది కాదు. ఇవాళ బండ దగ్గర, రేపు తుమ్మచెట్ల దగ్గర, ఎల్లుండి ఇంకెక్కడో. అక్కడినుంచి చేపల బుట్టతో ఇంటిదాకా నడవాలి.

"ఇంటి ముందర ఇంత మంచి రేవు పెట్టుకొని ఊరంతా తిప్పుతవేందే?" అని విసుక్కునేవాడు కుర్మన్న.

"మొసలి కనిపెడతది. మనం ఏ పొద్దుకు యాడ దిగుతమో చూసుకుంటది" అనేది ఆమె.

"అవునవును, చేతికి గడియారం కూడా కట్టుకుంటది!" అని నవ్వేవాడు.

ఒకసారి కూతురి కాన్పుకు సవారమ్మ పది రోజులు వెళ్ళాల్సి వచ్చింది. బస్సెక్కుతూ కూడా ఆమె అవే జాగ్రత్తలు చెప్పింది.

"పదేండ్ల సంది ఏమన్నా అయిందా?" అన్నాడు కుర్మన్న.

"అయితలేదంటే ఎందుకైతలేదో చూడొద్దా?" అంది ఆమె. అంతలో బస్సు కదిలింది.

ఆ పది రోజులూ కుర్మన్న ఇంటి ముందరి రేవులోనే దిగాడు. అక్కడే కూర్చుని చేపలు కోశాడు. చెత్త అక్కడే నీళ్ళలోకి విసిరాడు. "ఇప్పటికి కాళ్ళకు సుఖం దొరికింది" అని పక్కింటివాళ్ళతో అన్నాడు.

పదకొండో రోజు పొద్దెక్కాక సవారమ్మ బస్సు దిగి, మూట చంకన పెట్టుకుని నేరుగా గట్టు మీదికి వచ్చింది. మొగుడి సంగతి ఆమెకు తెలుసు. అనుకున్నట్టే పుట్టి ఇంటి రేవుకే వస్తోంది. ఎత్తయిన గట్టు మీదినుంచి ఆమెకు ఒడ్డు పక్క నీళ్ళ అడుగున నల్లగా, పొడుగ్గా ఏదో కనిపించింది. కుర్మన్న అప్పటికే లేచి నిలబడి, ఒక కాలు పుట్టి అంచు దాటించాడు.

"దిగకు! కాలు లోపలికి తియ్యి!"

'బస్సు దిగిందో లేదో మొదలుపెట్టింది' అనుకున్నాడు కుర్మన్న. కాలు వెనక్కి తీయలేదు.

ఇక అరిచి లాభం లేదని సవారమ్మ చంకలోని మూటను బలంగా విసిరింది. అది సరిగ్గా అతను దిగబోయే చోట పడింది. నీళ్ళు ఒక్కసారిగా ఎగసిపడ్డాయి. మొసలి మూటను కరుచుకుని మునిగిపోయింది. పుట్టి గిర్రున తిరిగింది. కుర్మన్న లోపలికే వెల్లకిలా పడ్డాడు.

"నడుమ కూసో! లోతుకు తెడ్డెయ్యి! తుమ్మల కాడికి రా!"

ఈసారి అతను ఒక్క మాట జవదాటలేదు.

తుమ్మచెట్ల దగ్గర ఒడ్డెక్కి అతను పుట్టిని పైకి లాగాడు. "మూటలో ఏముండె?" అని అడిగాడు.

"అల్లుడు నీకు పెట్టిన పట్టుపంచె. పంచె పోతే పాయె, కట్టుకునేటోడు మిగిలిండు. నడువు."

కుర్మన్న నడవలేదు. తన రెండు కాళ్ళ వైపు చూసుకున్నాడు. "పదేండ్లు ఏమీ కాలేదంటే నా అదృష్టమనుకున్న. నువ్వు కానియ్యలేదని తెలువకపాయె. నీ మేలు మరవను, సవారమ్మా" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలిసింది గదా, ఇగ బుట్ట నువ్వే మొయ్యి" అంది ఆమె, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజునుంచి బుట్ట కుర్మన్నే మోశాడు. ఎందుకింత చుట్టు తిరుగుతావని ఎవరైనా అడిగితే, "మా ఇంటామె చూపిన దారి, అందుకే ఇంకా నా రెండు కాళ్ళ మీద నడుస్తున్న" అని సంతోషంగా చెప్పేవాడు.

నీతి: మనకు ఏ ఆపదా రాని రోజుల వెనుక ఎవరో ఒకరి జాగ్రత్త ఉంటుంది, దాన్ని చాదస్తమని వెక్కిరించక, మాట విని, వారికి కృతజ్ఞతతో ఉండాలి.