సంరక్షకుడి గడి

నాగసుధకు ఇరవై ఆరేళ్ళు. ఒకసారి రాసినదాన్ని రెండోసారి రాయదు. రాజమండ్రిలో ఆమె పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరూ మెచ్చుకునే గుణం అదే. పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో ఏ పని చేసినా, వివరాలు దాచే ప్రతి పట్టికకూ మోడల్ అనే కోడ్ ఫైలొకటి రాయాలి. వివరాలు దాచడం, వెతకడం, మార్చడం, తుడవడం అన్నింట్లోనూ ఒకటే తంతు. నాగసుధ రెండేళ్ళ క్రితం ఒక బడి కోసం ఆ తంతంతా ఒకేచోట, బేస్ మోడల్ అనే ఫైల్లో రాసిపెట్టింది. అప్పట్నుంచీ ఏ కొత్త పని వచ్చినా ఆ ఫైలు తెచ్చి అడుగున వేస్తుంది. మిగతా మోడళ్ళన్నీ దాన్నుంచి పుట్టుకొస్తాయి, దాని గుణాలన్నీ అడక్కుండానే పుచ్చుకుంటాయి.

ఆమెకు ఈ విద్య నేర్పింది విక్టోరియా టీచర్. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైంది, ఇప్పుడు ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టలొకదాని కమిటీలో ఉంది. ఆ హాస్టల్లో చేరేవాళ్ళ వివరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ పని నాగసుధకే వచ్చింది. ఆమె చేసిందంతా చూశాక టీచర్ ఒక్కటే అడిగింది.

"అడుగున వేసిన ఫైలు మళ్ళీ చదివావా?"

నాగసుధకు చిన్నతనంగా అనిపించింది. "రెండేళ్ళుగా నడుస్తోంది టీచర్. అందరికీ పనికొచ్చేదాన్ని ఒక్కసారి సరిగ్గా రాసుకుంటే, ప్రతిసారీ చదవడం దేనికి?"

విక్టోరియా టీచర్ వాదించే మనిషి కాదు. "గురువారం హాస్టలుకి రా. మంగతాయారు పక్కన ఓ పూట కూర్చో," అంది.

మంగతాయారు ఆ హాస్టలు వార్డెను. గురువారం పొద్దున కొత్త కంప్యూటరుకి బొట్టు పెట్టి మరీ కూర్చుంది. నాగసుధ పక్కన కుర్చీ వేసుకుంది, టీచర్ కిటికీ దగ్గర నిలబడింది. మొదట వచ్చినామె పేరు వీరవేణి. ముప్పై ఏళ్ళుంటాయి, చీరల షాపులో పని. ఒక చేతిలో సంచీ, రెండో చేతికి మోచేతి దాకా కట్టు.

పేరూ వయసూ అయ్యాయి. "సంరక్షకుడి పేరు, ఫోను నంబరు?" అంది మంగతాయారు.

"ఎవరూ లేరండి."

"మెళ్ళో పుస్తెలున్నాయి కదమ్మా."

"ఆయనకి తెలీకూడదనే వచ్చానండి."

"మేమేమన్నా దండోరా వేస్తామా? ఇదిగో, ఇక్కడ ఎర్ర చుక్క ఉంది చూడు. ఆ గడి నింపకపోతే ఇది ముందుకు కదలదు. మా ఆయన కంటే మొండిది."

వీరవేణి నవ్వలేదు. సంచీ భుజానికి ఎత్తుకోబోయింది. ముప్పై ఏళ్ళ మనిషి, తన జీతంతో తను బతికే మనిషి, ఒక గది కావాలంటే ఇంకో మనిషి పేరు చెప్పాలని ఆ గడి అడుగుతోంది. బడిపిల్లల కోసం గీసిన గడి అది. ఆడదానికి అలాంటి గడి ఉండటం నాగసుధకు గానీ, ఆమె మేనేజరుకు గానీ వింతగా తోచలేదు. తోస్తే చెరిపేవాళ్ళు.

"అక్కా, అది రికార్డు కోసమే," అంది నాగసుధ. "ఆ నంబరుకి ఎవరూ ఫోన్ చెయ్యరు. ఇది రాసింది నేనే."

వీరవేణి ఆమెను ఎగాదిగా చూసింది. "చదువుకున్నదానివి. నువ్వు చెప్తే సరేనమ్మా," అని, భర్త పేరూ నంబరూ చెప్పింది. మంగతాయారు ఒక్కో అంకే వెతుక్కుంటూ కొట్టింది. పద్నాలుగో నంబరు గది ఇచ్చింది. తాళంచెవి వీరవేణి చేతిలో పెట్టి, కూర్చుని మంచినీళ్ళు తాగమంది.

గ్లాసు సగంలో ఉండగానే వీరవేణి ఫోను మోగింది. తడబడి ఎక్కడ నొక్కిందో, భర్త మాట గదంతా వినపడింది.

"పద్నాలుగో నంబరు గదా? సందు పేరుతో సహా పంపించారే నాకు. సంచీ సర్దుకుని కిందికి దిగు. బండి తీస్తున్నా."

వీరవేణి ఫోను ఆపేసింది. నాగసుధ వైపు చూసింది. తాళంచెవి బల్ల మీద పెట్టి వీధిలోకి వెళ్ళిపోయింది. నాగసుధ వెనకాలే పరుగెత్తి మలుపు దాకా వెళ్ళింది. అప్పటికే ఆమె ఏదో ఆటో ఎక్కేసింది. పావుగంటకి ఆ మనిషి బండి మీద రానే వచ్చాడు. మంగతాయారు గేటుకి అడ్డంగా నిలబడి, అతను తిట్టిన తిట్లన్నీ పడింది.

అతను వెళ్ళాక నాగసుధ తన ల్యాప్‌టాప్‌లో బేస్ మోడల్ తెరిచింది. ఎవరిని కొత్తగా చేర్చుకున్నా ఆ వివరాలన్నీ సంరక్షకుడి ఫోనుకి సందేశంగా పంపమని అందులో ఉంది. 'మీ సంరక్షణలో ఉన్న' అంటూ మొదలయ్యే ఆ వాక్యం ఆమె రాసిందే. బడిలో తల్లిదండ్రులు ఎంత సంతోషించారో కూడా గుర్తొచ్చింది. ఆఫీసులో పరీక్షించినన్నాళ్ళూ సందేశాలు ఆపి ఉంచారు, అందుకే ఎవరి కంటా పడలేదు.

"ఇది బడి కోసం రాసింది టీచర్," అంది నాగసుధ. "హాస్టలు కోసం నేను ఇలాంటిదేదీ రాయలేదు."

విక్టోరియా టీచర్ బల్ల మీది తాళంచెవి తీసి మేకుకు తగిలించింది.

"అవునమ్మా. ఎవరూ రాయలేదు."

ఆ సాయంత్రం నాగసుధ ఆ గడీ, ఆ సందేశమూ హాస్టలుకి వర్తించకుండా హాస్టలు ఫైల్లోనే నాలుగు వరుసలు రాసింది. బేస్ మోడల్‌ని ముట్టుకోవద్దని మేనేజరు అన్నాడు, దాని మీద ఇంకా తొమ్మిది చోట్ల పనులు నడుస్తున్నాయట. ఆమె ముట్టుకోలేదు.