రంగు పూసిన గూడుబండి

పూర్వం ఒక సంస్థానంలో పోలప్ప అనే కుమ్మరి, ముసలి తల్లి ఎక్కి తిరగడానికి పాత గూడుబండి ఒకటి కొందామని దివాణానికి వెళ్ళాడు. దివాను ఇరుసు అరిగిన బండికి రంగు పూయించి చూపించాడు.

"పూలపాన్పురా ఇది! దివాణం బండికి వంక పెట్టినవాడికి పది కొరడా దెబ్బలు, తెలుసా?"

పోలప్పకు ఒళ్ళు మండింది. అయినా చేతులు కట్టుకుని, "వంకెందుకు దొరా? అమ్మేవారి తల్లి ముందుగా ఎక్కి ఊరంతా తిరిగొస్తేనే మా కుమ్మరివీధిలో బండి కొంటాం. అది మా ఆనవాయితీ. పెద్దమ్మగారిని పిలిపించండి" అన్నాడు.

దివాను ఉలిక్కిపడ్డాడు. "మా అమ్మనా? ఈ బండిలోనా? పెద్దప్రాణం, నడుం విరిగిపోదట్రా!"

బంట్రోతులు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు. పోలప్ప కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"వంక పెట్టింది తమరే దొరా! కొరడా సంగతి తమరే చూసుకోండి. మా అమ్మకూ ఉన్నది ఒక్క నడుమే."